తమ్ముడి నంబరు

స్పీడుగాడిని మాత్రం క్షమించేది లేదు. మనిషన్నాక తప్పు చేస్తాడు, సరే, కానీ తప్పు చేసి మేలు చేసినట్టు మాట్లాడేవాడిని ఏం చేయాలి. భార్యకు స్వయానా తమ్ముడు కాబట్టి గడప తొక్కనిస్తున్నాడు గాని, ఇంకొకడైతే ఈపాటికి మెడపట్టి గెంటేవాడే. కంప్యూటర్ల కొట్టు పెట్టిన నాటి నుంచి అందరూ వాడిని స్పీడు అనే పిలుస్తారు, పని చురుగ్గా చేస్తాడని కాదు, ఏ పనైనా మొదలుపెట్టకముందే "అయిపోయింది బావా" అంటాడని. ఆ రోజూ అంతే. తన సొంత తమ్ముడు పోయిన నాలుగో నెలలో, ఇదే కుట్టుమిషన్ల కొట్లో, ఇదే స్టూలు మీద కూర్చుని, తను తమ్ముడి నంబరుకు రీఛార్జ్ చేస్తుంటే తొంగి చూసి, "పోయినోడి ఫోనుకి రీఛార్జ్ ఏంటి బావా, పైనుంచేమైనా మాట్లాడతాడా" అన్నాడు. అన్నవాడు స్పీడు. విని, అవును కదా అనుకుని, మరుసటి నెల నుంచి మానేసినవాడు తను. ఆ రెండో సంగతి ఇప్పుడెవరు తలుచుకుంటారు.

మూడు కావడానికి పది నిమిషాలు తక్కువ. షట్టరు నడుమెత్తు వరకు దించి ఉంచాడు మెకానిక్. దాని కింద నుంచి ఎండ ముక్క ఒకటి, దాంట్లో నడిచిపోయేవాళ్ళ కాళ్ళు, చెప్పులు, ఒక సైకిలు చక్రం, మళ్ళీ ఎండ. ముప్పై ఏళ్ళుగా కుట్టుమిషన్లు విప్పిన బల్ల మీద ఇప్పుడు తమ్ముడి పాత ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. దాని మూత మీద నూనె మరక, అది తన వేలిదే, వాడు బతికుండగా పడ్డది, ఎన్నిసార్లు తుడిచినా పోలేదు. తెర మీద నిన్నటి నుంచి ఒకే మాట, ఈ వెబ్‌సైట్‌లో తీవ్రమైన లోపం తలెత్తింది, సూచనల కోసం అడ్మిన్ ఈమెయిల్ చూడండి. ఎన్నిసార్లు తెరిచినా అదే, తలుపు కొట్టిన ప్రతిసారీ లోపలి నుంచి ఒకే గొంతు ఒకే మాట అన్నట్టు. అడ్మిన్ అంటే తమ్ముడు. ఈమెయిల్ వాడిది. ఆ మెయిల్లో లోపలికి దారి తీసే లింకు ఒకటి వచ్చి ఉంటుందని, అది ఒక్క రోజే పనిచేస్తుందని, నిన్న సైటు పడిపోయిన మూడూ యాభైకే వచ్చి ఉంటుంది గనక ఇవాళ మూడూ యాభైకి చచ్చిపోతుందని స్పీడు ఫోన్లోనే చెప్పాడు. వచ్చి చేసిపెట్టరా అంటే, "అంత పాత సైటుకి మందులేంటి బావా, కొత్తది కట్టిస్తాలే, వారంలో అయిపోతుంది" అన్నాడు. వాడికి అన్నీ కొత్తవి కట్టించడమే. లోపల ఏముందో వాడికేం తెలుసు.

లోపల ఏముందో నిజానికి తనకూ తెలియదు, తెలియకే ఈ ఆరాటం. పదకొండేళ్ళ కిందట తమ్ముడు ఆఫీసు నుంచి తిన్నగా ఈ కొట్టుకే వచ్చి, చొక్కా చేతులు మడిచి, "అన్నయ్యా, నువ్వు చెప్తూ ఉండు, నేను రాస్తా" అన్నాడు. చెప్పడమంటే ఏముంది, చేతులు పని చేస్తుంటే నోరు దానంతటదే ఆడుతుంది. దారం ఎందుకు ముడిపడుతుంది, కింది దారం ఉండే బాబిన్ కేసు కొత్తదైనా ఎందుకు కొట్టుకుంటుంది, ముప్పై ఏళ్ళు మూలన పడున్న మిషనుకు ముందు నూనె పోయాలా కిరసనాయిలు పోయాలా. వాడు రాశాడు, ఫోటోలు తీశాడు, సైటులో పెట్టాడు. పేరూ ఊరూ తెలియని ఆడవాళ్ళు, టైలర్లు, ముసలివాళ్ళు చదివారు. మీ వల్ల మా అమ్మ మిషను మళ్ళీ తిరిగింది అని రాశారు. ఎవరికి రాశారు, తమ్ముడికి. మీరు ఎంత చక్కగా రాస్తారండీ అని. చేతులు నల్లబడేది ఒకరికి, చక్కగా రాసేది ఇంకొకరు. అది గొంతులో ముల్లులా ఉండేది, ఉండేదేమిటి, ఇప్పటికీ ఉంది. ఒక రోజు అనేశాడు కూడా, "నా నోట్లో మాటలు తీసుకుపోయి గొప్పవాడివయ్యావురా నువ్వు" అని. తమ్ముడు రాయడం ఆపి, చాలాసేపు పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, "మాటలు నీవే అన్నయ్యా, కామాలు పెట్టానంతే" అన్నాడు. ఆ తర్వాత కొట్టుకు రావడం తగ్గించాడు. పోట్లాట కాదు, పోట్లాడి ఉంటే బాగుండేది, మర్నాడు సర్దుకునేవాళ్ళు.

పోయింది బస్సులో. ఆఫీసు నుంచి ఇంటికొస్తూ కిటికీ పక్క సీట్లో తల వాల్చాడట, నిద్రపోతున్నాడనుకుని కండక్టరు చివరి స్టాపు దాకా లేపలేదట. చేతిలో ఫోన్ పట్టుకునే ఉన్నాడట. ఆ ఫోన్ తన చేతికి ఇచ్చినప్పుడు ఛార్జింగ్ నలభై శాతం ఉంది. మనిషి అయిపోయాడు, ఫోన్లో ఇంకా నలభై ఉంది. అది ఎందుకో అన్నిటికంటే ఎక్కువ గుర్తుంది, పాడె కంటే, మరదలు ఏడుపు కంటే. పదిహేను రోజులు తిరక్కుండానే ఒకటో తారీకు వచ్చింది. ఆ సాయంత్రం సైటులో కొత్త వ్యాసం. సూదులు ఎంచుకోవడం గురించి, వాడి మాటల్లో, కింద వాడి ఫోటోతో. తను చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాడు. కొట్లో ఎవరూ లేరు, ఫ్యాను తిరుగుతోంది, తెర మీద వాడు నవ్వుతున్నాడు. స్పీడుగాడు వచ్చి చూసి, ముందే రాసి తారీకులు వేసి పెట్టుకున్నాడు బావా, టైముకి అవే వస్తాయి, దయ్యం కాదు, నీళ్ళు తాగు అన్నాడు. దయ్యం కాదని తెలిశాక కూడా ఒకటో తారీకు వస్తుందంటే రాత్రి నిద్ర పట్టేది కాదు. వాడు పోయాక పద్దెనిమిది వ్యాసాలు వచ్చాయి. చదివినవాళ్ళు వాడికి ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు, ఆరోగ్యం జాగ్రత్త అని కూడా ఒకావిడ రాసింది. తను ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్తాడు, రాస్తున్నవాడు లేడని. చెప్తే ఆగిపోతాయేమో అన్నట్టు ఉండేది, పిచ్చి గాని, చెప్తే ఆగడమేమిటి.

పోను పోను వ్యాసాల్లో మిషన్లు తగ్గి మనుషులు వచ్చారు. మొదట్లో 'మెకానిక్కులు అంటారు' అని రాసేవాడు, తర్వాత 'మా అన్నయ్య అంటాడు' అని. మా అన్నయ్య పక్కగదిలో మిషను తిరుగుతుంటే విని బెల్టు ఎంత వదులైందో చెప్తాడు. మా అన్నయ్య కోపం వస్తే స్క్రూడ్రైవర్ తుడుస్తాడు. ఇంత చూసేవాడా వీడు, కామాలు పెట్టుకుంటూ. కొట్టుకు రావడం తగ్గించి ఇంట్లో కూర్చుని రాసింది ఇదన్నమాట. పోయిన నెల వ్యాసం చివర రెండు వాక్యాలు. వాటిని ఈ ముప్పై రోజుల్లో ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. 'మా అన్నయ్య ఏడో తరగతి లెక్కల పరీక్ష తప్పి బడి మానేశాడని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ రోజు నేను కిటికీ దగ్గర ఉన్నాను, ఆ సంగతి వచ్చే నెల.' వచ్చే నెల నిన్ననే వచ్చింది. వ్యాసం రాలేదు. తీవ్రమైన లోపం తలెత్తింది.

ఏ కిటికీ. ఆ పరీక్ష గదికి రెండు కిటికీలు. గోడవైపుది ఎప్పుడూ మూసే ఉండేది, ఇంకోటి నీళ్ళ కుళాయి వైపు. తమ్ముడు మూడో తరగతి, చిన్న బడి అరపూటకే అయిపోతే అన్న కోసం కుళాయి దగ్గర కూర్చునేవాడు, పలక నీళ్ళలో కడిగి ఎండలో పెట్టి. అంతెత్తు కిటికీ వాడికి ఎలా అందింది. కుళాయి గట్టెక్కితే అందుతుందేమో. ఎక్కితే ఏం కనిపిస్తుంది. పన్నెండేళ్ళ కుర్రాడు, ముందు పేపరు, పేపరు మీద పేరు, తరగతి, ఇంకేమీ లేదు. పది లెక్కలకు పదీ వచ్చు, కాకి కేక పెట్టేలోపు చేసెయ్యగలడు, పెన్సిలు చెక్కుకుని, చెక్కుకుని, చివరకు ఏమీ రాయకుండా ఇచ్చేశాడు. ముందు రాత్రి నాన్న అమ్మతో అంటుంటే విన్నాడు, ఇద్దరినీ చదివించలేను, చిన్నాడు చురుకు, కానీ పెద్దాడిని మానమని ఏ మొహంతో చెప్పను అని. ఏ మొహంతో చెప్పక్కర్లేకుండా చేశాడు. సున్నా వచ్చింది, నాన్న నాలుగు వేశాడు, మర్నాడే మిషన్ల కొట్టులో నూనె డబ్బా చేతికిచ్చారు. ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా. ఊరికే ఇచ్చేశాడా అంటే ఊరికే ఏం ఇవ్వలేదు, లోపల వడ్డీ కట్టుకుంటూనే ఉన్నాడు, తమ్ముడు ఇంగ్లీషులో ఫోన్ మాట్లాడినప్పుడల్లా, పండిన తల దువ్వుకుని ఆఫీసుకు పోతున్నప్పుడల్లా. తెలివి తక్కువ అన్న, తెలివైన తమ్ముడు. వాడూ అలాగే అనుకుంటున్నాడని నలభై ఏళ్ళు నమ్మాడు. ఇప్పుడు వాడు కిటికీ దగ్గర ఉన్నానంటున్నాడు. ఉంటే చూశాడా. చూస్తే అర్థమైందా. అర్థమైతే ఒక్కనాడైనా నోరు విప్పకుండా, ఆ కామాలు పెట్టుకుంటూ ఎలా కూర్చున్నాడు.

మూడూ ఐదు. మెయిల్ తెరిచాడు. గుండ్రంగా తమ్ముడి ఫోటో, దాని కింద ప్రశ్న, ఇది మీరేనా. చాలా రోజులుగా తెరవలేదు కాబట్టి అడుగుతోంది, అంతే, స్పీడు ముందే చెప్పాడు. అయినా వేలు ఆడలేదు. ఆ నవ్వే మొహం పక్కన 'అవును, నేనే' అని రాసి ఉన్న దాన్ని నొక్కడానికి షట్టరు కింద నాలుగు జతల కాళ్ళు దాటిపోయాయి. నొక్కాడు. చివర నలభై ఏడు ఉన్న నంబరుకు ఆరంకెల కోడ్ పంపమంటారా అని అడిగింది. ఆ నంబరు ఇప్పుడెవరిదో. సిమ్ము చచ్చిన కొన్నాళ్ళకు కంపెనీవాళ్ళు దాన్ని తీసి ఇంకెవరికో ఇచ్చేస్తారట. తన ఫోన్లో మాత్రం అది ఇంకా 'తమ్ముడు' అనే ఉంది, తీసెయ్యడానికి చెయ్యి రాలేదు, చెయ్యడానికీ రాలేదు. పదిహేను నెలల తర్వాత ఇప్పుడు దాని మీద వేలు పెట్టాడు. ఫోన్ మోగుతోంది. అటు మోగుతోంది. ఆరుసార్లు మోగి, ఏడోసారికి ఎవరో ఎత్తి, ఊపిరి తీసి, గుసగుసగా మాట్లాడారు.

"మెల్లిగా మాట్లాడండి. ఇప్పుడే పడుకున్నారు."

ఇంకా తను నోరే తెరవలేదు. ఎవరు పడుకున్నారు, ఎక్కడ.

"పిల్లలండీ," అంది ఆ గొంతు, ఆడగొంతు. "నలభైమంది పిల్లలు. నేను అంగన్‌వాడీ ఆయాని. మిషను గురించేనా?"

"ఏ మిషను?"

"కుట్టుమిషనేగా. ఏదో సైటులో ఈ నంబరే ఉందట, చేసేవాళ్ళంతా దానికోసమే. నాకు రాదండీ బాబూ అంటే వినరు. దారం తెగుతోందా? సూది తిప్పి పెట్టారేమో చూడండి, గాడి ఉన్న వైపు బయటికి రావాలి."

"ఆ మాట నీకెవరు చెప్పారమ్మా?"

"ఒకావిడ. పాతాయన ఇలాగే చెప్పేవాడు, నువ్వూ చెప్పొచ్చుగా అంది. అప్పట్నించి ఎవరు చేసినా అదే చెప్తున్నా. ఇద్దరివి బాగయ్యాయి. మూడో ఆవిడ తిట్టింది."

నవ్వు వచ్చిందో ఏమొచ్చిందో తెలియలేదు. సూది గాడి మాట తనది. తన నోట్లోంచి తమ్ముడి చేతికి, అక్కడి నుంచి ఎవరో ఆవిడకు, ఆవిడ నుంచి ఈ ఆయాకు, తిరిగి తిరిగి వాడి నంబరులోంచి తన చెవిలో పడింది. అడగాల్సింది అడిగాడు, నీ ఫోనుకు ఒక ఆరంకెల కోడ్ వస్తుంది, చదివి చెప్తావా అని.

"ఓహో," అంది ఆమె, గుసగుసలోనే గొంతు గట్టిపడింది. "అదా సంగతి. అమ్మా అమ్మా అంటుంటే ఎంత పెద్దమనిషో అనుకున్నా. మా తోటికోడలికి కూడా ఇలాగే చేశారు, మర్యాదగానే."

"నీ డబ్బు జోలి కాదమ్మా. నా తమ్ముడి మెయిల్."

"అయితే మీ తమ్ముణ్ణే అడగండి. ఈ నంబరు వదిలేశాడంటే కొత్తది తీసుకునే ఉంటాడుగా, దానికి చేయండి."

"లేడు."

"ఊళ్ళో లేడా?"

"లేడమ్మా. పోయాడు."

ఏడాదిన్నర దాటింది ఈ మాట పైవాళ్ళెవరికైనా చెప్పి. చెప్పగానే ఏమీ కాలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది. అటు పక్క ఎవరో పసివాడు ఒక్క ఏడుపు ఏడ్చాడు, "ఒకడు లేచాడు, మళ్ళీ చేస్తా," అని పెట్టేసింది. మళ్ళీ చేస్తుందా. ఎందుకు చేస్తుంది, తనైతే చేసేవాడా. పోయినవాళ్ళ పేరు చెప్పుకుని కోడ్ అడిగేవాళ్ళు ఉండరని ఏముంది. మూడూ పదిహేను, మూడూ ఇరవై. నలభైమంది పిల్లలు చాపల మీద వరసగా పడుకుని ఉంటారు, వాళ్ళ మధ్య కాళ్ళు తొక్కకుండా నడుస్తుంది ఆమె, కొంగులో వాడి నంబరు వెలుగుతూ ఆరుతూ. పదిహేను నెలల కిందట రీఛార్జ్ మానకపోతే ఆ నంబరు ఈ సొరుగులోని వాడి ఫోన్లోనే ఉండేది, కోడ్ దాంట్లోనే మోగేది. మానింది ఎంతకు, నెలకు రెండు బాబిన్ కేసుల ఖరీదుకు. స్పీడుగాడు నవ్వాడని. నవ్వితే పరువు పోయింది. నలభై ఏళ్ళ కిందట తమ్ముడి కోసం పరీక్షే వదులుకున్నవాడు, తీరా వాడు పోయాక ఆ కాస్త సిమ్ముకు లెక్క చూసుకున్నాడు. మనిషి బతుకు ఎక్కడ పెద్దగా ఉంటుందో ఎక్కడ చిన్నదవుతుందో చెప్పలేం. నాన్న కొట్టినప్పుడు తమ్ముడు తలుపు వెనక నిలబడి చూడటం గుర్తుంది. ఏడ్చాడు వాడు. అన్నను కొడుతున్నారనే ఏడ్చాడనుకున్నాడు ఇన్నాళ్ళూ. తెలిసి ఏడ్చాడా. ఆ రాత్రి అన్నం తిననన్నాడు, అమ్మ బుజ్జగించింది, జ్వరమేమో అంది. పద్నాలుగేళ్ళ తర్వాత ఉద్యోగం వచ్చిన రోజు వాడు నేరుగా ఈ కొట్టుకు వచ్చి, ఆ కాగితం ముందు తన చేతిలో పెట్టి, నూనె అంటుతుందిరా అంటే, "అంటనీ" అన్నాడు. అంటనీ అన్నప్పుడు వాడి మొహం ఎలా ఉంది. ఎంత లాగినా మొహం రావడం లేదు, చొక్కా రంగు వస్తోంది, కాగితం మీద తన బొటనవేలి నల్ల ముద్ర వస్తోంది, మొహం ఉండాల్సిన చోట తెర మీది ఫోటో వచ్చి కూర్చుంటోంది.

మూడూ ముప్పై రెండుకు బల్ల మీద ఫోన్ వెలిగింది. 'తమ్ముడు' అని వెలిగింది. అది ఆయా అని తెలుసు, తెలిసినా చేయి వెంటనే పోలేదు, ఇంకోసారి మోగనిచ్చాడు. ఆ రెండు మోతల మధ్య సందులో వాడు బస్సు దిగి వస్తున్నాడు.

"పడుకోబెట్టాను," అంది గుసగుసగా. "మీరు నిజంగా అన్నయ్యే అయితే ఒకటి చెప్పండి. ఏడాదిలో ఒక రోజు పొద్దున్నుంచీ ఫోన్లే ఫోన్లు, శుభాకాంక్షలనీ అవీ. ఏ రోజది?"

చెప్పాడు. నెల, తారీకు, ఆ రోజు పొద్దున కురిసిన వాన, మంత్రసాని గొడుగు, బయట అరుగు మీద కూర్చుని తమ్ముడా చెల్లెలా అని తను వేళ్ళు మడిచి చూసుకోవడం, అడగనివన్నీ చెప్పాడు.

"అదే రోజు," అంది ఆమె. "నేను కూడా థాంక్స్ చెప్పేశానండీ అందరికీ. ఎంతమందికని విడమరిచి చెప్తాం. పంపమనండి ఆ కోడేదో."

పంపమన్నాడు. అటు ఫోన్ చిన్నగా గుర్రుమంది. ఆమె ఒక్కొక్క అంకె చదివింది, పిల్లలకు నేర్పేటప్పుడు చదివినట్టు సాగదీసి, తను నల్లటి వేలితో ఒక్కొక్కటి నొక్కాడు. "వెళ్ళిందా? ఉంటానన్నయ్యా మరి, నిద్ర లేచే టైమైంది," అని పెట్టేసింది. అన్నయ్యా అనేసి పెట్టేసింది, ఆ నంబరులోంచి.

మూడూ నలభై ఒకటి. మెయిల్లో లింకు ఉంది, నొక్కితే తెరుచుకుంది. తమ్ముడు అడ్మిన్ తెరంతా తెలుగులోనే పెట్టాడు. "ఎప్పుడైనా నువ్వే చూసుకోవాల్సి వస్తే, అన్నయ్యా" అన్నాడు ఒకసారి, తను, "నాకెందుకు ఈ గోల, నువ్వున్నావుగా" అన్నాడు. ఎర్ర గీత కింద రాసి ఉంది, 'ఒకటో తారీకు' అనే పొడిగింపు కారణంగా లోపం తలెత్తింది, దాన్ని తాత్కాలికంగా నిలిపి ఉంచాం. ఒకటో తారీకు. తమ్ముడు సొంతంగా రాసుకున్న చిన్న యంత్రం, వ్యాసాలన్నీ దాని కడుపులోనే ఉంటాయి, నెల తిరగ్గానే ఒకటి బయటికి తోస్తుంది. సైటు నడిపే కంపెనీవాళ్ళు కింది సరంజామా అంతా కొత్తది మార్చారు, ఈ పాతది దాంట్లో ఇమడలేదు, బిగుసుకుపోయింది. ఇది తనకు అర్థమయ్యే జబ్బే. పాత మిషనుకు కొత్త బాబిన్ కేసు వేస్తే ఏమవుతుందో తనకంటే ఎవరికి తెలుసు. ఆ వరసకు ఎదురుగా రెండే మాటలు, ఒకటి 'అచేతనం చేయి', అంటే ఉన్నచోటే ఆపి ఉంచడం, రెండోది 'తొలగించు'.

బిగుసుకున్న భాగాన్ని లోపలే వదిలి మిషను తిప్పకూడదు. ఇది గురువు మొదటి వారంలోనే నేర్పాడు. ముందు బయటికి తియ్యాలి. తీసి గుడ్డ పరిచిన పళ్ళెంలో పెట్టాలి, విప్పిన వరసలోనే, ఎడమ నుంచి కుడికి. కిరసనాయిలులో కడిగి, ఎక్కడ దారం పోగు చుట్టుకుందో చూసి, తుడిచి, నూనె పెట్టి, కుడి నుంచి ఎడమకు మళ్ళీ బిగించాలి. ముప్పై ఏళ్ళలో ఈ బల్ల మీద తీసిన ముక్క ఏదీ పోలేదు, గోరంత స్ప్రింగు కూడా పోలేదు. అచేతనం చేసి కూర్చుంటే లోపలున్నది ఎలా తెలుస్తుంది. మూడూ నలభై నాలుగు. తొలగించు మీద నొక్కాడు. దీని సమాచారం కూడా తొలగించబడుతుంది, ఖాయమేనా అని అడిగింది. ముక్కతో పాటు దానికంటుకున్నదీ రావడమే కదా కావలసింది. ఖాయమే అన్నాడు.

ఒక్క క్షణం తెర తెల్లబడింది. తర్వాత సైటు వచ్చింది. మొదటి పేజీలో నల్ల మిషను ఫోటో, పదకొండేళ్ళ పాత వ్యాసాలు, విడిభాగాల పట్టిక, అన్నీ యథాతథంగా, రాత్రికి రాత్రి ఎవరో తుడిచి పెట్టినట్టు. ఊపిరి తీసుకున్నాడు. ఇక తీసినదాన్ని విప్పి చూడటమే. ఎడమ వైపు పట్టికలో పై నుంచి కిందికి చూశాడు. చిత్తుప్రతులు, సున్నా. తారీకు వేసి ఉంచినవి, సున్నా. కుడి వైపు చూశాడు. కింది నుంచి పైకి చూశాడు. స్పీడుకు ఫోన్ చేశాడు.

"అయిపోయిందా బావా?"

"సైటు వచ్చింది. తీసింది ఎక్కడ పెడుతుందిరా ఇది?"

"ఎక్కడ పెట్టడమేంటి?"

"వాడి ఒకటో తారీకు బిగుసుకుపోతే తీశాను. తొలగించు అంటే నొక్కాను. తీసింది ఓ చోట పెడుతుంది కదా, అది చెప్పు."

స్పీడు మాటకు తడుముకోవడం ఎన్నడూ చూడలేదు.

"అది ఎక్కడా పెట్టదు బావా," అన్నాడు చివరికి, నెమ్మదిగా. "బ్యాకప్ ఏమైనా..."

"అవన్నీ తమ్ముడే చూసుకునేవాడు."

"పైన ఆకుపచ్చ గీతలో ఏదో రాసుంటుంది. చదువు."

చదివాడు. పెదవులు కదుపుతూ, ఒక్కో మాట దగ్గర వేలు పెట్టి, అటు స్పీడు వింటున్నాడో లేదో చూసుకోకుండా చదివాడు. పొడిగింపు విజయవంతంగా తొలగించబడింది. దానితో పాటు శాశ్వతంగా తొలగించబడిన, ఇంకా ప్రచురించని వ్యాసాలు ముప్పై ఏడు. నెలకొకటి చొప్పున, మూడేళ్ళా ఒక నెల.